వాంకోమైసిన్ మోతాదును రోగికి తగ్గట్టు కంప్యూటర్‌తో ఎలా లెక్కించాలి

తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల్లో పనిచేసే క్లినికల్ ఫార్మసిస్టులు, డ్యూటీ డాక్టర్లు, ఫార్మ్‌-డి విద్యార్థుల కోసం ఈ వివరణ. చెప్పేది నరంలోకి డ్రిప్‌గా ఎక్కించే వాంకోమైసిన్ గురించి మాత్రమే. తుది ఆర్డరు రాయాల్సింది చికిత్స చేసే డాక్టరే. కంప్యూటరు చూపే అంకె ఆయన ముందు పెట్టే సలహా మాత్రమే.

ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్) లాంటి మొండి సూక్ష్మజీవులకు వాడే ఈ మందు మోతాదు తగ్గితే జబ్బు లొంగదు, పెరిగితే కిడ్నీలు దెబ్బతింటాయి. రెంటి మధ్య సందు చాలా ఇరుకు. ఒకే బరువున్న ఇద్దరికి ఒకే డోసు ఇచ్చినా, ఒకరి రక్తంలో మందు చాలకపోవచ్చు, ఇంకొకరి రక్తంలో పేరుకుపోవచ్చు. 2009 నాటి అమెరికా మార్గదర్శకాలు తర్వాతి డోసుకు ముందు రక్తంలో లీటరుకు 15–20 మి.గ్రా. ఉంచమన్నాయి. 2020లో వచ్చిన సవరణ ఆ పద్ధతిని వదిలేసింది. దాని స్థానంలో 24 గంటల ఏయూసీని 400–600 మధ్య ఉంచమంది. రోజు మొత్తంలో సూక్ష్మజీవి ఎంత మందుకు గురైందో చెప్పే కొలత ఏయూసీ, అంటే గ్రాఫులో మందు గీత కింద ఉండే విస్తీర్ణం. సూక్ష్మజీవి ఎంఐసీ, అంటే దాని పెరుగుదలను ఆపే కనీస మందు స్థాయి, 1 అనుకుని పెట్టిన లక్ష్యమిది. ఏయూసీని చేత్తో లెక్కించవచ్చు గానీ వార్డులో రోజూ అది కుదరదు, అందుకే కంప్యూటరు.

ముందు సమాచారం సరిగ్గా సేకరించండి

కంప్యూటరు ముందు కూర్చునే లోపు వయసు, బరువు, ఎత్తు, క్రియాటినిన్, ఇప్పటికే ఇచ్చిన డోసులు, ఈ ఐదూ కాగితం మీదికి రావాలి. వీటిలో ఎక్కువగా తప్పు దొర్లేవి మూడు.

మొదటిది బరువు. మంచం దిగలేని రోగి బరువును కేస్ షీట్‌లో అందాజాగా రాస్తుంటారు. మొదటి పెద్ద డోసు ఆధారపడేది బరువు మీదే కాబట్టి, స్ట్రెచర్ తూకం ఉంటే దాని మీద తూయించండి. లేకపోతే ఇంట్లోవాళ్లను ఈ మధ్య ఎక్కడైనా తూకం వేయించారా అని అడగండి. కాళ్లూ ఒళ్లూ నీరు పట్టి ఉంటే ఆ సంగతి పక్కనే రాయండి.

రెండోది క్రియాటినిన్, అంటే కండ నుంచి రక్తంలోకి వచ్చి కిడ్నీ వడగట్టే వ్యర్థం. కొండ మెట్లెక్కి నీరసించి పడిపోయిన యాత్రికుడికి చేరిన గంటలో తీసిన రక్తంలో క్రియాటినిన్ 1.8 ఉండి, సెలైన్ ఎక్కిన మర్నాటికి 1.1కు దిగడం మామూలే. మొదటి అంకెతో మూడు రోజుల డోసు ఖాయం చేస్తే మందు చాలక ఇన్ఫెక్షన్ ముదురుతుంది. ఇందుకు విరుద్ధమైన పొరపాటు బక్కచిక్కిన ముసలివాళ్ల విషయంలో జరుగుతుంది. కండ లేదు కాబట్టి క్రియాటినిన్ 0.5 చూపిస్తుంది, సూత్రం దాన్ని చూసి కిడ్నీ కుర్రవాడిలా పనిచేస్తోందని లెక్కగడుతుంది. ఇలాంటి చోట 0.8 లేదా 1.0 అనుకుని లెక్క వేయడం చాలాచోట్ల అలవాటు. అదీ కచ్చితం కాదు, కాబట్టి ఈ రోగులకు రక్తంలో మందు స్థాయిని తొందరగా చూడండి.

మూడోది పాత డోసులు. పలమనేరులోనో పుత్తూరులోనో ఒక డోసు పడి ఇక్కడికి వచ్చినవాళ్లు ఎందరో. రెఫరల్ చీటీలో మందు పేరుంటుంది, గంట ఉండదు. తోడొచ్చినవాళ్లను నేరుగా అడగండి: "ఏమన్నా, ఊర్లో డ్రిప్పులో యాంటీబయోటిక్ ఏసినారా? ఎన్ని గంటలకు ఏసినారు?" అదే ఊపులో నొప్పి సూదుల సంగతీ అడగాలి. డైక్లోఫెనాక్ లాంటివి వరసగా వేయించుకుని ఉంటే కిడ్నీ ఇప్పుడు బాగున్నట్టు కనిపించినా రేపు జారవచ్చు. పిపరాసిలిన్-టాజోబాక్టమ్ కలిపి నడుస్తుంటే అది కూడా గుర్తించి పెట్టుకోండి. ఆ జోడీలో క్రియాటినిన్ పెరగడం ఎక్కువగా కనిపిస్తుంది.

మొదటి డోసు లెక్క

ఎక్సెల్ గానీ లిబ్రేఆఫీస్ గానీ ఏ స్ప్రెడ్‌షీట్ అయినా సరిపోతుంది. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్నా, ఒక్కసారి ఈ షీట్‌ను మీ చేత్తో కట్టి చూడండి. లోపల ఏం జరుగుతోందో తెలియనివాళ్లు తప్పు జవాబును గుర్తుపట్టలేరు.

ఉదాహరణకు 58 ఏళ్ల మగ రోగి, 58 కిలోలు, 165 సెం.మీ., క్రియాటినిన్ 1.2 మి.గ్రా./డె.లీ. అనుకుందాం.

కిడ్నీ వడపోతకు 1976 నాటి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం వాడతాం. 140 నుంచి వయసు తీసేసి బరువుతో గుణించాలి. 72ను క్రియాటినిన్‌తో గుణించి, వచ్చిన దానితో భాగించాలి. ఆడవాళ్లకైతే మళ్లీ 0.85తో గుణించాలి. ఇక్కడ 82 × 58 ÷ 86.4 = నిమిషానికి 55 మి.లీ. ఏ బరువు వేయాలన్నది ముందే తేల్చుకోవాలి. మగవాళ్ల ఆదర్శ బరువు 50 కిలోలు, ఐదడుగులు దాటిన ఒక్కో అంగుళానికి 2.3 కిలోలు అదనం, ఆడవాళ్లకు 45.5తో మొదలు. మన రోగికి అది 61.4 వస్తుంది. అసలు బరువు అంతకంటే తక్కువ కాబట్టి అసలు బరువే వేశాం. స్థూలకాయం ఉన్నవాళ్లకు ఈ సూత్రంలో సవరించిన బరువు (ఆదర్శ బరువుకూ అసలు బరువుకూ మధ్య ఉండే అంకె) వాడతారు.

మందు ఒంట్లోంచి ఎంత వేగంగా పోతుందో అంచనాకు మాట్జ్కే సూత్రం: 0.00083 × 55 + 0.0044 = గంటకు 0.050. అంటే సుమారు 14 గంటలకు మందు సగమవుతుంది. మందు వ్యాపించే పరిమాణాన్ని కిలోకు 0.7 లీటర్ల లెక్కన 40.6 లీటర్లు అనుకుందాం. రెంటినీ గుణిస్తే గంటకు 2.03 లీటర్ల క్లియరెన్స్, అంటే గంటలో మందు పూర్తిగా తొలగిపోయే పరిమాణం. ఏయూసీ 500 కావాలంటే రోజుకు 500 × 2.03, అంటే దాదాపు 1,000 మి.గ్రా. దీన్ని 12 గంటలకొకసారి 500 మి.గ్రా.గా పంచుతాం.

ఈ డోసుతోనే మొదలుపెడితే రక్తంలో మందు స్థాయి కుదురుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు అంత ఆగే వ్యవధి లేదు. వాళ్లకు మొదట లోడింగ్ డోసు ఇస్తారు. అసలు బరువుకు కిలోకు 20–35 మి.గ్రా. లెక్కన, 3,000 మి.గ్రా. మించకుండా. కిలోకు 25 అనుకుంటే మన రోగికి 1,450, గుండ్రంగా 1,500 మి.గ్రా. కిడ్నీ బలహీనంగా ఉందని లోడింగ్ డోసు తగ్గించేస్తారు కొందరు. అది తప్పు. మొదటి డోసును నిర్ణయించేది ఒంట్లో మందు నిండాల్సిన పరిమాణం. కిడ్నీ పనితీరు తర్వాతి డోసుల్లో లెక్కకు వస్తుంది.

ఎక్కించేటప్పుడు

500 మి.గ్రా. వయల్‌ను 10 మి.లీ. స్టెరైల్ నీళ్లలో కరిగించి, సెలైన్‌లో కలిపాక మి.లీ.కు 5 మి.గ్రా. మించకుండా చూడాలి. 1,500 మి.గ్రా.కు కనీసం 300 మి.లీ. కావాలి. వేగం నిమిషానికి 10 మి.గ్రా. దాటకూడదు, ఎంత చిన్న డోసైనా గంట కంటే తక్కువ సేపట్లో ఎక్కకూడదు. కాబట్టి లోడింగ్ డోసుకు రెండున్నర గంటలు. తొందరపడితే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబారి దురద పుడుతుంది, బీపీ పడిపోవచ్చు. డ్రిప్ ఆపి, తగ్గాక నెమ్మదిగా మొదలుపెడితే చాలావరకు సర్దుకుంటుంది. దాన్ని మందు పడకపోవడం అని కేస్ షీట్‌లో రాసేస్తే ఆ రోగికి అవసరమైనప్పుడు ఈ మందు దక్కకుండా పోతుంది. ఎంత వేగంలో ఎక్కిందో కూడా రాయండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పని, డ్రిప్ నిజంగా మొదలైన గంట, నిజంగా అయిపోయిన గంట రాయడం. చార్టులో 9 గంటలకు టిక్కు ఉంటుంది, ఆ సిస్టర్ పక్క వార్డులో ఎమర్జెన్సీ చూసి వచ్చి 9:40కి మొదలుపెట్టి ఉంటారు. అది ఆమె తప్పు కాదు. కానీ సూత్రానికి కావలసింది 9:40. బాటిల్ మీద ఒక అంటుకునే చీటీ, దాని మీద మొదలు, ముగింపు అని రెండే గీతలు పెట్టండి. వాచీ చూసి అక్కడికక్కడే రాయడం సులువని తెలిస్తే అందరూ రాస్తారు.

రక్తం తీయడం

రెండు శాంపిళ్లు. మొదటిది డ్రిప్ పూర్తయ్యాక ఒకటి నుంచి రెండు గంటల మధ్య. మందు కణజాలాల్లోకి సర్దుకోవడానికి ఆ వ్యవధి. రెండోది అదే డోసు విరామం చివర్లో, తర్వాతి డోసు మొదలుపెట్టే ముందు. రెండూ ఒకే డోసు తర్వాత ఉండాలి. డ్రిప్ ఎక్కుతున్న చేతి నుంచి తీయకూడదు, మరో చేతి నుంచే తీయాలి. సెంట్రల్ లైన్ తప్ప వేరే దారి లేకపోతే, మందు ఎక్కని గొట్టం నుంచి, ఫ్లష్ చేసి, మొదట వచ్చిన రక్తం పారబోసి తీయాలి. లైన్‌లో మిగిలిన ఒక్క చుక్క మందు ఫలితాన్ని ఎన్నో రెట్లు పెంచేస్తుంది. ట్యూబు మీద తీసిన గంట రాయాలి, ల్యాబ్‌లో అందిన గంట కాదు.

పరీక్షను బయటికి పంపే ఆసుపత్రి అయితే ఫలితం ఎప్పుడు వస్తుందో ముందే కనుక్కొని, దాన్ని బట్టి శాంపిల్ రోజు నిర్ణయించండి. శుక్రవారం సాయంత్రం తీసిన రక్తం జవాబు సోమవారం వస్తే, ఆ అంకె చెప్పే కిడ్నీ అప్పటికి వేరే కిడ్నీ.

రెండు అంకెల నుంచి ఏయూసీ

మన రోగికి లోడింగ్ తర్వాత 12 గంటలకొకసారి 500 మి.గ్రా. పడుతోంది. మూడో డోసు 9:40కి మొదలై 10:40కి అయింది. 12:40కి తీసిన శాంపిల్ లీటరుకు 31.0 మి.గ్రా., రాత్రి 9:10కి తీసినది 23.5. తర్వాతి డోసు 9:40కి.

తరుగుదల రేటు: 31.0ను 23.5తో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, మధ్య గడిచిన 8.5 గంటలతో భాగించండి. 0.277 ÷ 8.5 = 0.0326. మందు సగమవడానికి 21 గంటలు (దీన్నే సగం కాలం అంటారు).

డ్రిప్ ముగిసిన క్షణానికి వెనక్కి లెక్కిస్తే 33.1 (31.0ను రెండు గంటల తరుగుదలకు సరిపడా పెంచాలి). తర్వాతి డోసు క్షణానికి ముందుకు లెక్కిస్తే 23.1.

ఎక్కుతున్న గంటలో విస్తీర్ణం: 33.1, 23.1ల సగటు × 1 గంట = 28. తరిగే 11 గంటల్లో విస్తీర్ణం: వాటి తేడాను 0.0326తో భాగిస్తే సుమారు 306. మొత్తం 334. అది 12 గంటలది కాబట్టి రెట్టింపు చేస్తే రోజు ఏయూసీ 668.

అంచనా సూత్రం ఇదే డోసుకు 492 చెప్పింది, ఈ మనిషి ఒళ్లు 668 అంటోంది. రెండుసార్లూ అదే వయసు, అదే క్రియాటినిన్. సూత్రం తప్పని కాదు, అది సగటు మనిషి గురించి చెబుతుంది. 600 దాటితే కిడ్నీ ముప్పు పెరుగుతుంది, కాబట్టి డోసు తగ్గాలి. రోజు డోసును 500/668తో గుణిస్తే 749 వస్తుంది. 24 గంటలకొకసారి 750 మి.గ్రా. చాలు. కుదురుకున్నాక ఎగువ స్థాయి సుమారు 30, దిగువ స్థాయి సుమారు 14 వస్తాయి. రాత్రి 9:40 డోసు ఆపి ఉంచగలిగితే, 23 నుంచి 14కు దిగడానికి 15 గంటలు పడుతుంది. కొత్త డోసు మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మొదలుపెట్టవచ్చు.

ఈ లెక్క నమ్మాలంటే మందు స్థాయి కుదురుకుని ఉండాలి. అంటే గత డోసు ముందు ఉన్న స్థాయీ, ఈ డోసు చివర ఉన్న స్థాయీ దాదాపు ఒకటే కావాలి. లోడింగ్ సరిగ్గా పడింది కాబట్టి మన ఉదాహరణలో అది నిజం. లోడింగ్ లేకుండా రెండో డోసుకే శాంపిల్ తీస్తే ఈ దారి పనికిరాదు.

స్ప్రెడ్‌షీట్‌లో తరచుగా జరిగే పొరపాట్లు ఇవి. లాగ్ అనే ఫంక్షన్ వేస్తే అది పది ఆధారంగా లెక్కిస్తుంది, కావాల్సింది ఎల్‌ఎన్. పొరపాటున మొదటిది వేస్తే మన రోగి సగం కాలం 21 నుంచి 49 గంటలకు ఎగబాకుతుంది, షీట్ మాత్రం ఎర్రగా హెచ్చరించదు. రెండు సమయాల మధ్య తేడా తీసినప్పుడు వచ్చేది రోజుల్లో ఉంటుంది, 24తో గుణించాలి. తేదీ లేకుండా గంట మాత్రమే రాస్తే అర్ధరాత్రి దాటిన శాంపిల్‌కు రుణ సంఖ్య వస్తుంది. అందుకే ప్రతి గడిలో తేదీ, గంట కలిపి పెట్టండి, 24 గంటల పద్ధతిలో. క్రియాటినిన్ కొలమానం కూడా చూడండి. విదేశీ సాఫ్ట్‌వేర్ కొన్నిట్లో మైక్రోమోల్స్ ఉంటుంది. మన 1.2 అక్కడ 106. 1.2ను అక్కడ అలాగే వేస్తే సాఫ్ట్‌వేర్ కిడ్నీని అసాధ్యమైన స్థాయికి లెక్కిస్తుంది. సూత్రాలున్న గడులన్నీ తాళం వేసి, క్రియాటినిన్‌కు 0.3–15 లాంటి హద్దులు పెట్టండి. ఈ పేజీలోని ఉదాహరణను షీట్‌లో పరీక్ష కేసుగా ఉంచి, ఎవరైనా షీట్ ముట్టుకున్న ప్రతిసారీ 668 వస్తోందో లేదో చూడండి.

ఇంకో తప్పు ఏ షీట్‌కూ కనబడదు. రెండో శాంపిల్‌ను కొత్త డోసు మొదలయ్యాక తీసి, 9:10 అని రాశారనుకోండి. 23.5 బదులు 28 వస్తుంది. తరుగుదల రేటు 0.012, సగం కాలం 58 గంటలు. కిడ్నీ దాదాపు ఆగిపోయిందని కంప్యూటరు చెబుతుంది. దాన్ని నమ్మి మందు ఆపితే రక్తంలో సూక్ష్మజీవులున్న మనిషికి మందు లేకుండా పోతుంది. మూత్రం బాగా పోస్తూ, క్రియాటినిన్ కదలకుండా ఉన్న రోగికి ఇలాంటి అంకె వస్తే ముందు సిస్టర్‌తో మాట్లాడండి, డోసు సంగతి ఆ తర్వాత.

బేసియన్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు, ఎలా

రెండు శాంపిళ్లు కుదరనప్పుడు, స్థాయి ఇంకా కుదురుకోనప్పుడు, డోసుల గంటలు సమానంగా లేనప్పుడు ఈ దారి మేలు. ఇది ముందు వందలాది రోగుల సమాచారంతో తయారైన సగటు నమూనాను తీసుకుంటుంది, మన రోగి ఒక్క శాంపిల్‌తో ఆ నమూనాను అతనివైపు జరుపుతుంది. శాంపిల్ ఎంత నమ్మదగిందో అంత జరుపుతుంది. ఇన్‌సైట్‌ఆర్‌ఎక్స్, డోస్‌మీ, ప్రిసైజ్‌పీకే డబ్బు కట్టేవి. ఆక్లాండ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నెక్స్ట్‌డోస్, స్విట్జర్లాండ్‌లో తయారైన ఓపెన్ సోర్స్ టుకుక్సి ఉన్నాయి. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకు ఆర్ భాషలో మ్యాప్‌బేయర్, పోసాలజీఆర్ ప్యాకేజీలు ఉచితం.

నమూనా ఎంపికే ఇక్కడ అసలు నిర్ణయం. ఐసీయూ రోగుల నుంచి కట్టిన నమూనా, సాధారణ వార్డు నమూనా, స్థూలకాయుల నమూనా వేర్వేరు. చాలా నమూనాలు మనకంటే బరువైన జనాల మీద కట్టినవి. మీ దగ్గర ఇప్పటికే ఫలితం తెలిసిన పాత రోగుల వివరాలు పేర్లు తీసేసి వేసి, ఏ నమూనా అంచనా అసలు స్థాయికి దగ్గరగా వచ్చిందో చూసి ఒకదాన్ని ఎంచుకోండి. రోగి రోగికీ నచ్చిన జవాబు వచ్చేదాకా నమూనా మార్చడం ప్రమాదం.

లోడింగ్‌తో సహా ప్రతి డోసూ, దాని నిజమైన గంటా, ఎంతసేపు ఎక్కిందీ వేయండి. శాంపిల్ వేయకముందు ఒకసారి గీత చూడండి, వేశాక మళ్లీ చూడండి. కొలిచిన స్థాయి ముందు అంచనాకు రెట్టింపు దాటినా, సగం లోపున్నా, సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా గీత సర్దినా ఆగండి. ముందు గంటలు, చెయ్యి, బరువు సరిచూడండి, తర్వాతే రోగి ఒళ్లు అలా ఉందని ఒప్పుకోండి.

వెబ్‌లో నడిచే సాధనంలో పేరు, ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు నంబరు ఏవీ వేయకూడదు. మీ దగ్గర మాత్రమే అర్థమయ్యే ఒక కోడ్ చాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి ఎలా ఉన్నా, రోగి మనల్ని నమ్మి చెప్పిన సమాచారం అది.

ఈ లెక్కలు వాడకూడని చోటు

డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు, క్రియాటినిన్ రోజు రోజుకీ పెరుగుతున్నవాళ్లు, పిల్లలు, గర్భిణులు, కాలిన గాయాలున్నవాళ్లు, వీళ్లకు పై సూత్రాలు వర్తించవు. క్రియాటినిన్ ఎగబాకుతున్నప్పుడు కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ నిన్నటి కిడ్నీని చూపిస్తుంది. అక్కడ డోసును గంటల ప్రకారం కాక, స్థాయి చూసి ఒక్కో డోసుగా ఇవ్వడమే క్షేమం. నెఫ్రాలజిస్టును పిలవండి.

కేస్ షీట్‌లో రాయాల్సింది

డోసు ఒక్కటే రాస్తే తర్వాత వచ్చిన డాక్టరుకు అది ఎందుకు మారిందో తెలియదు. ఇలా రాయండి: "12:40కి 31.0, 21:10కి 23.5. 24 గంటల ఏయూసీ 668, లక్ష్యం 400–600. సలహా: 750 మి.గ్రా., 24 గంటలకొకసారి, 75 నిమిషాలకు తగ్గకుండా. తర్వాతి డోసు రేపు 13:00. క్రియాటినిన్ రోజూ. కొత్త డోసు రెండోసారి పడ్డాక మళ్లీ స్థాయి." లెక్క వేసినవాళ్ల సంతకం, మళ్లీ స్వతంత్రంగా వేసి సరిచూసిన రెండోవాళ్ల సంతకం, రెండూ ఉండాలి.

క్రియాటినిన్ 0.3 పెరిగినా, మూత్రం తగ్గినా, కొత్తగా కిడ్నీ మీద పడే మందు చేరినా వారం అయ్యేదాకా ఆగకుండా ఆరోజే మళ్లీ లెక్కించాలి. రోగిని వేలూరుకో తిరుపతికో పంపాల్సి వస్తే రెఫరల్ చీటీలో ఇవన్నీ రాయండి: చివరి మూడు డోసులు, వాటి మొదలు, ముగింపు గంటలు, శాంపిళ్ల గంటలు, చివరి క్రియాటినిన్, తూచిన బరువు.